వెబ్ రూపకర్తలకు ఉచిత ఇ-పుస్తకాలు: హోసూరు, కృష్ణగిరి విద్యార్థులకు ఒక పరిచయం

హోసూరులో పెళ్లిపత్రిక అచ్చువేయించాలన్నా, అంగడికి బోర్డు కట్టించాలన్నా, ఊరి సంఘానికి వెబ్‌సైటు పెట్టాలన్నా ముందుగా తేల్చుకోవలసింది భాష సంగతి. తమిళం రాష్ట్రభాష. కన్నడం పొలిమేర అవతలి భాష, ఊళ్లో చాలామందికి ఇంటిభాష కూడా. తెలుగు తరతరాలుగా ఈ నేలమీద మాట్లాడుతూ వస్తున్న భాష. ఈ మూడింటినీ ఒకే కాగితం మీద, ఒకే తెర మీద పొందికగా కూర్చగలవాడికి ఇక్కడ పని దొరుకుతుంది. ఆ పని నేర్చుకోవడానికి వేల రూపాయల శిక్షణ తప్పనిసరి కాదు. వెబ్ రూపకల్పన, బొమ్మల రూపకల్పన, బ్లాగు రచన నేర్పే మంచి పుస్తకాలు కొన్ని ఉచితంగానే లభిస్తున్నాయి. అవి ఎక్కడున్నాయి, ఏ భాషలో ఉన్నాయి, తెలుగు విద్యార్థికి అవి ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ చాలవు అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ ప్రాంతం పూర్వం సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళ అభ్యసన చట్టం చేసింది. దాని ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున, 2015-16 నాటికి పదో తరగతి వరకు తమిళం నిర్బంధ పాఠ్యాంశమయింది. ఆ చట్టం మీద భాషా అల్పసంఖ్యాకుల వాదాలు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. ఆ చర్చ ఇక్కడ మా విషయం కాదు. దాని ఫలితాలలో ఒకటి మాత్రం మా విషయమే. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థి నేడు తమిళ పుస్తకాన్ని ధారాళంగా చదవగలడు, తెలుగు లిపి మీద పట్టు మాత్రం సడలుతున్నది. ఇది నష్టమే. అయితే ఈ రెండు భాషలూ తెలిసినవాడు చేయగలిగిన మంచి పని ఒకటి ఉంది. ఈ వ్యాసం చివర దాన్ని సూచిస్తాము.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

డబ్బు చెల్లించకుండా చేతికి వచ్చిన ప్రతి పుస్తకమూ ఉచిత పుస్తకం కాదు. ఫోనులో ఒకరి నుంచి ఒకరికి చేరే పి.డి.ఎఫ్. పుస్తకాలలో చాలా వాటికి రచయిత అనుమతి ఉండదు. సొంత డబ్బుతో కొద్ది ప్రతులు అచ్చువేసుకునే రచయితకు అలాంటి పంపకం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. కాబట్టి పుస్తకం తెరవగానే మొదట చూడవలసింది అనుమతి పుట.

ఉచిత పుస్తకాలను మూడు తరగతులుగా చెప్పుకోవచ్చు. మొదటి తరగతిలోవి చదువుకోవడానికి మాత్రమే ఉచితం. వాటిని మార్చడానికి, అనువదించడానికి రచయిత ఒప్పుకోవాలి. రెండవ తరగతిలోవి క్రియేటివ్ కామన్స్ వంటి బహిరంగ అనుమతులతో వచ్చినవి. 2001లో స్థాపితమైన ఈ సంస్థ తన మొదటి అనుమతి పత్రాలను 2002 డిసెంబరులో విడుదల చేసింది. ఆ పత్రాలలో నాలుగు షరతులు రకరకాలుగా కలిసి వస్తాయి. రచయిత పేరు చెప్పాలి అన్నది ఒకటి. మార్చి ప్రచురిస్తే ఇదే అనుమతితో ఇవ్వాలి అన్నది రెండు. వ్యాపారానికి వాడరాదు అన్నది మూడు. మార్పులు చేయరాదు అన్నది నాలుగు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది గనుక, నాలుగో షరతు ఉన్న పుస్తకాన్ని యథాతథంగా పంచవచ్చు గాని తెలుగు చేసి ప్రచురించరాదు. మూడో షరతు ఉన్నదాన్ని తెలుగు చేయవచ్చు గాని అమ్మరాదు.

మూడవ తరగతి, హక్కుల గడువు తీరిపోయిన పాత గ్రంథాలు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, 1992 సవరణ తరువాత, రచయిత జీవించి ఉన్నప్పుడు వెలువడిన రచన మీద హక్కు ఆయన మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు ఉంటుంది. గిడుగు రామమూర్తి 1940లో మరణించారు. ఆయన రచనల గడువు ఎప్పుడో ముగిసింది. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి 1972 డిసెంబరులో మరణించారు. ఈ లెక్కన ఆయన రచనల గడువు 2032 చివరిదాకా ఉంటుంది. ఒకే ఊరి సంచికలో గిడుగు వ్యాసాన్ని పూర్తిగా చేర్చుకోవచ్చు, రాజాజీ వ్యాసానికి మాత్రం హక్కుదారుల అనుమతి కావాలి. బ్లాగు రాసేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. పాత రచన స్వేచ్ఛగా దొరికినా, దానికి నేటివారు చేసిన అనువాదం మీద అనువాదకుడికి హక్కు వేరుగా ఉంటుందని కూడా మరువరాదు.

పొరుగుభాషలో జరిగిన పని

హోసూరు విద్యార్థికి అందుబాటులో ఉన్న ఉచిత సాంకేతిక పుస్తకాలలో ముందుగా చెప్పవలసినవి తమిళంలో ఉన్నాయి. తమిళంలో ఈ సంప్రదాయం 1998లో మొదలైన మదురై పథకంతో బలపడింది. దేశవిదేశాలలోని స్వచ్ఛంద సేవకులు ప్రాచీన తమిళ గ్రంథాలను టైపు చేసి అందరికీ ఇచ్చారు. 2012లో స్వేచ్ఛా సాఫ్టువేరు విషయాలను తమిళంలో చెప్పడానికి కణియం అనే పత్రిక వచ్చింది. 2013లో ఫ్రీ తమిళ్ ఈబుక్స్ అనే పథకం మొదలైంది. వీరు బ్లాగు రచయితలను ఒక్కొక్కరినే అడిగి, వారి వ్యాసాలను క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఇ-పుస్తకాలుగా కూర్చారు. బ్లాగులో చెల్లాచెదురుగా పడి ఉండే రాత పుస్తకమై నిలిచింది.

కణియం ప్రచురణలలో నిత్య అనే రచయిత్రి రాసిన ‘ఎళియ తమిళిల్’ వరుస ముఖ్యమైనది. ‘సులభమైన తమిళంలో’ అని ఆ మాటకు అర్థం. వెబ్ పుటను నిర్మించే హెచ్.టి.ఎం.ఎల్., దానికి రూపురేఖలు దిద్దే సి.ఎస్.ఎస్., సమాచారాన్ని భద్రపరిచే మై ఎస్.క్యు.ఎల్., లినక్సు వంటి విషయాల మీద ఇందులో పుస్తకాలున్నాయి. ఒక్కొక్క సంగతిని చిన్న ఉదాహరణతో, దాని ఫలితాన్ని బొమ్మతో చూపడం వీటి పద్ధతి. ఆంగ్ల మాధ్యమంలో చదవని విద్యార్థి కూడా సొంతంగా నేర్చుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి.

వీటి రూపం కూడా గమనించదగినది. ఫ్రీ తమిళ్ ఈబుక్స్‌లో ఒకే పుస్తకం అనేక రూపాలలో దొరుకుతుంది. కాగితం మీద తీసుకునేవారికి ఏ4 కొలత పి.డి.ఎఫ్., చిన్న తెరకు ఆరంగుళాల పి.డి.ఎఫ్., ఫోనులో అక్షరాల పరిమాణం పెంచుకుని చదివేవారికి ఇ-పబ్. పి.డి.ఎఫ్. అచ్చుపుట వంటిది, తెర చిన్నదైనా పుట మారదు. ఇ-పబ్ లోపల ఉన్నది నిజానికి వెబ్ పుటలే. తెర కొలతను బట్టి పంక్తులు సర్దుకుంటాయి. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. నేర్చినవాడికి ఇ-పుస్తకం తయారుచేయడం కూడా సగం వచ్చినట్టే.

ఆంగ్లంలో కొన్ని

ఆంగ్లంలో ఉచిత పుస్తకాలు లెక్కకు మించి ఉన్నాయి. వాటి పట్టికలు చూసి అన్నీ దింపుకుని ఏదీ చదవకపోవడం కొత్తగా నేర్చుకునేవారిలో తరచు కనిపించే సంగతి. మేము నాలుగింటితో సరిపెడతాము. జెరెమీ కీత్ 2016లో ప్రచురించిన ‘రెసిలియెంట్ వెబ్ డిజైన్’ వెబ్ చరిత్రను చెబుతూ, పాత ఫోనులోనైనా నెమ్మది ఇంటర్నెట్టులోనైనా పుట చదవగలిగేలా ఎందుకు కట్టాలో బోధిస్తుంది. దీన్ని అనువదించడానికి అనుమతి ఉంది, అనువాదాన్ని అదే అనుమతితో ఇవ్వాలి. మారైన్ హావర్‌బెకె రాసిన ‘ఎలొక్వెంట్ జావాస్క్రిప్ట్’ పుటకు చలనం తెచ్చే భాషను అభ్యాసాలతో నేర్పుతుంది; ఇది వ్యాపారేతర అనుమతితో లభిస్తుంది. బొమ్మలు దిద్దే గింప్ సాఫ్టువేరుకు, గీతలతో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కు ఉచిత మార్గదర్శక గ్రంథాలున్నాయి. ఈ సాఫ్టువేర్లు కూడా ఉచితమే గనుక, దొంగ ప్రతి మీద నేర్చుకోవలసిన అవసరం లేదు.

ఆ పుస్తకాలలో దొరకనిది

తమిళ, ఆంగ్ల పుస్తకాలు వెబ్ పుట కట్టడం నేర్పుతాయి. తెలుగు అక్షరాన్ని తెర మీద ఎలా నిలపాలో నేర్పవు. ఇక్కడే మన విద్యార్థి సొంతంగా కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది, అక్షరానికీ దాని బొమ్మకూ ఉన్న భేదం. డి.టి.పి. దుకాణాలలో ఎంతోకాలంగా వాడుతున్న అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలను ఆంగ్ల అక్షరాల స్థానాలలో ఉంచారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి. అలా తయారైన పుస్తకాన్ని పి.డి.ఎఫ్. చేస్తే కంటికి తెలుగే. కాని ఒక మాట వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్టువేరు దాన్ని చదవలేదు. యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణానికీ తనదైన సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ నుంచే తెలుగుకు 128 స్థానాల గది కేటాయించి ఉంది. పాత ప్రతులను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చిన తరువాత వత్తులు, గుణింతాలు తారుమారు కాలేదని ఒకరు కూర్చుని చదివి సరిచూడాలి.

రెండవది, లెక్క. ‘హోసూరు’ మన చదువులో మూడు అక్షరాలు, కంప్యూటరుకు ఆరు సంకేతాలు. ‘కృష్ణగిరి’ మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు క, వట్రసుడి, ష, పొల్లు, ణ, గ, గుడి, ర, గుడి అని తొమ్మిది. పేరు పది అక్షరాలకు మించరాదని ఆంగ్లాన్ని దృష్టిలో పెట్టుకుని పుటలో నియమం పెడితే, ఆరక్షరాల తెలుగు పేరు కూడా మధ్యలో తెగిపోవచ్చు. అక్షరాల మధ్య ఎడం పెంచే సి.ఎస్.ఎస్. ఆజ్ఞ ఆంగ్ల శీర్షికకు అందమిస్తుంది, తెలుగు మాటను విడగొడుతుంది.

మూడవది, ఎత్తు. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి. ఆంగ్లానికి సరిపోయిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పైపంక్తి వత్తు కిందిపంక్తి గుడికి తగులుతుంది. అక్షర పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్ల వరకు పంక్తి ఎత్తు ఉంచడం మంచిదని మా సూచన. బరువైన అక్షరాలు లేని ఫాంటును బలవంతంగా బొద్దు చేస్తే అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. వాలు అక్షరాలు తెలుగు అచ్చు సంప్రదాయంలోవి కావు. ఒక మాటను ఎత్తిచూపాలంటే రంగో కొటేషను గుర్తులో వాడుకోవచ్చు.

నాలుగవది, మూడు లిపుల పుట. యూనికోడ్‌లో తెలుగు గది పక్కగది కన్నడానిది. తెలుగు ర, కన్నడ ర కంటికి దాదాపు ఒకటిగానే ఉంటాయి, వాటి సంఖ్యలు వేరు. హడావుడిలో ఒకదాని బదులు మరొకటి పడితే చూసేవారికి తెలియదు, వెతికేవారికి మాత్రం ఆ మాట దొరకదు. కాబట్టి పుటలో ప్రతి భాగానికీ అది ఏ భాషో తెలిపే సూచిక ఇవ్వాలి. తెలుగుకు ‘టి ఇ’, తమిళానికి ‘టి ఎ’, కన్నడానికి ‘కె ఎన్’ అన్నవి ఆ సూచికలు. టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడం ఈ ప్రాంతంవారికి ప్రత్యేకంగా లాభం. క ఏ మీట మీద ఉందో తెలుగులో నేర్చుకుంటే తమిళంలోనూ కన్నడంలోనూ అదే మీట. ఒక్క అభ్యాసంతో మూడు భాషలు వస్తాయి. ఆంగ్ల అక్షరాలతో రాసి తెలుగు పొందాలనుకునేవారికి వీవెన్ రూపొందించిన లేఖిని వంటి ఉపకరణాలున్నాయి.

ఫాంట్ల విషయంలో తెలుగువారికి మంచి ఉచిత సంపద ఉంది. దేశికాచారి రూపొందించిన పోతన 2000, వేమన 2000 యూనికోడ్ తొలి రోజులలో ఎందరికో ఆధారమయ్యాయి. 2012 డిసెంబరులో తిరుపతిలో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగా సిలికానాంధ్ర సహకారంతో అనేక ఫాంట్లు బహిరంగ అనుమతితో వచ్చాయి. వాటిలో మండలి పుస్తకపు పాఠానికి, వార్తలకు అనువైనది. రామభద్ర శీర్షికలకు, గోడపత్రాలకు తగినది. ధూర్జటి, గిడుగు ఆహ్వానపత్రికలకు బాగుంటాయి. మూడు భాషలకూ ఒకే పోలిక కావాలంటే నోటో కుటుంబంలోని తెలుగు, తమిళ, కన్నడ ఫాంట్లను కలిపి వాడవచ్చు. ఒక చిన్న హెచ్చరిక. తమిళ ఊళ్లపేర్లలో వచ్చే ప్రత్యేకమైన ళకారానికి సమానంగా ప్రాచీన తెలుగు శాసనాలలో ఉన్న ఴ అనే అక్షరం 2014లో మాత్రమే యూనికోడ్‌లో చేరింది. అంతకు ముందు తయారైన ఫాంట్లలో అది లేకపోవచ్చు. అప్పుడు ఖాళీ చదరం కనిపిస్తుంది.

చేయదగిన పని

ఇప్పుడు ముందు చెప్పిన మాటకు వస్తాము. హెచ్.టి.ఎం.ఎల్. గురించి సులభమైన తమిళంలో పుస్తకం ఉంది. దాన్ని హాయిగా చదవగలిగి, ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థులు హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట ప్రాంతాలలో ఉన్నారు. హైదరాబాదు విద్యార్థులలో చాలామందికి తమిళం రాదు, చెన్నై విద్యార్థులలో చాలామందికి తెలుగు రాదు. ఈ అనువాదానికి కావలసిన రెండు భాషలూ ఇక్కడ ఒకే నోట ఉన్నాయి. అనువాదకుడు సాంకేతిక పండితుడు కానక్కరలేదు. ఉదాహరణలను చేసి చూస్తూ అనువదిస్తే విషయం తనకూ వస్తుంది, సడలిన తెలుగు లిపి మీద చేయి మళ్లీ కుదురుతుంది.

పద్ధతి ఇలా ఉండవచ్చు. నలుగురైదుగురు జట్టుగా చేరి పుస్తకం అనుమతి పుట చదివి, మార్పులకు అడ్డు లేదని నిర్ధారించుకోవాలి. అనుమానముంటే రచయితకు ఉత్తరం రాసి అడగాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయం తీసుకోవాలి. పరిభాషను ముందుగా పట్టికగా రాసుకోవాలి. తమిళ పుస్తకంలో కంప్యూటరును ‘కణిని’ అని, ఇ-పుస్తకాన్ని ‘మిన్నూల్’ అని, ఫాంటును ‘ఎళుత్తురు’ అని అంటారు. వాటిని చూసి మనమూ పట్టుబట్టి కొత్త మాటలు పుట్టించనవసరం లేదు. ఫాంటును కొందరు ఖతి అంటున్నారు. దుకాణంలో పనిచేసేవాడు ఫాంటు అనే అంటాడు. చదివేవాడికి ఏది వెంటనే అర్థమవుతుందో అది వేయాలి. మూడు భాషల పరిభాషను సరిచూసుకోవాలంటే 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయం సరిహద్దుకు అవతల కుప్పంలోనే ఉంది.

వాక్యాల విషయంలోనూ మొహమాటం అక్కరలేదు. ఈ ప్రాంతపు తెలుగు పాఠ్యపుస్తకాల తెలుగు కాదని, రాతకు పనికిరాదని అనుకునే విద్యార్థులున్నారు. గిడుగు వ్యావహారిక భాష కోసం వాదించింది ఇలాంటి సంకోచం మీదనే. ఇంట్లో తమ్ముడికి ఎలా చెబుతారో అలా చెప్పిన వాక్యమే సాంకేతిక విషయానికి సరిపోతుంది. ఊరి మాటలు కొన్ని పడితే పడనివ్వాలి; అవసరమైతే పుస్తకం చివర వాటి అర్థాలు ఇవ్వవచ్చు.

తయారైన పాఠాన్ని యూనికోడ్‌లోనే ఉంచి, అనుమతి ఒప్పుకున్నంతవరకు పి.డి.ఎఫ్., ఇ-పబ్ రెండు రూపాలలోనూ ఇవ్వాలి. మూల రచయిత పేరు, అనువాదకుల పేర్లు, అనుమతి వివరం మొదటి పుటలో ఉండాలి. 2005 నుంచి నడుస్తున్న తెలుగు వికీసోర్సు వంటి చోట ఉంచాలంటే వ్యాపారేతర షరతు ఉన్న పుస్తకం పనికిరాదు. పేరు చెప్పడం, అదే అనుమతితో పంచడం అనే షరతులు మాత్రమే ఉన్నవి పనికివస్తాయి. అందుకే ఏ పుస్తకాన్ని ఎంచుకోవాలన్న నిర్ణయం మొదటిరోజే జరగాలి.

తరగతిలో తెలుగు తగ్గిన చోట తెలుగులో చదవడానికి కథలూ పద్యాలూ మిగిలితే చాలదు. ఉపాధికి పనికివచ్చే విద్య ఏదో ఒకటి ఆ భాషలో దొరకాలి. అప్పుడే విద్యార్థి ఆ లిపిని వెతుక్కుంటూ వస్తాడు. హెచ్.టి.ఎం.ఎల్. మొదటి అధ్యాయం కొద్ది పుటలకు మించదు. ఒక వేసవి సెలవుల్లో ఒక జట్టు చేయగలిగిన పని అది. ఆ జట్టు మూల పుస్తకం అనుమతి వివరంతో తమ అధ్యాయాన్ని పంపితే, భాషను సరిచూసి తిరిగి పంపడానికి మేము సిద్ధంగా ఉన్నాము.